పెరటి కోళ్ల అరుగుదల టానిక్: ఆరు నెలలు వాడాక నా మాట

సీసా ఖరీదు 380 రూపాయలు. అరలీటరు. లేబుల్ మీద నిగనిగలాడే పుంజు, దాని కాళ్ల దగ్గర ఏవో ఆకులు. కంపెనీ పేరు రాయను. ఎందుకంటే ఆ తర్వాత మూడు షాపుల్లో ఇలాంటివే ఇంకో నాలుగు రకాలు తిప్పి తిప్పి చూశాను. వెనకాల రాసిన దినుసులు అన్నిటిలోనూ ఇంచుమించు ఒకటే. శొంఠి, పిప్పళ్లు, వాము, నేల ఉసిరి, నేలవేము, ఉసిరికాయ. కాబట్టి ఒక్క సీసా గురించి కాదు, ఆ వరస మొత్తం గురించి రాస్తున్నాననుకోండి. అయిదు స్టార్లకి రెండు ఇస్తున్నాను. ఆ రెండూ ఎందుకిచ్చానో కూడా చెబుతాను.

మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మిషన్ వెనక వసారాలో ఉంటుంది. అక్కణ్నించి దొడ్డంతా కనిపిస్తుంది కాబట్టి ఏ కోడి ఏం చేస్తోందో కుడుతూనే చూస్తుంటాను. మొత్తం పదమూడు. పదకొండు పెట్టలు, రెండు పుంజులు. నాలుగు పెట్టలు గ్రామప్రియ, అంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకం కోసమనే తయారుచేసిన రకం. మిగతావి నాటువే. పందెం కోళ్లు మాత్రం లేవు. వాటికి బాదంపప్పులూ ఖైమా పెట్టే ఓపికా డబ్బూ పక్కవీధి తమ్ముడికి ఉన్నాయి, నాకు లేవు.

సీసా కొన్నది రోహిణి కార్తెలో. ఎండలు మండిపోతున్నాయి. ఒక పొద్దున గూడు ఊడుస్తుంటే రెట్టలన్నీ నీళ్లు నీళ్లుగా ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, దాదాపు అన్నీ. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా అత్తయ్యగారు మాత్రం కూర్చున్న చోటి నుంచే, "ఎండకి నీళ్లు ఎక్కువ తాగి ఉంటాయే, కాస్త వాము వేసి మరిగించి చల్లార్చి పెట్టు" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. టౌన్లో పశువుల మందుల షాపుకి వెళ్లాను.

షాపాయన చాలా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు. "కోళ్లకి పారుడమ్మా? ఇదిగో. తెల్ల పారుడు, పచ్చ పారుడు, నెత్తురు పారుడు, కొక్కెర తెగులు, దేనికైనా ఇదే" అని సీసా తీసి బల్ల మీద పెట్టాడు. కోళ్లెన్ని, వయసెంత, రెట్ట ఏ రంగులో ఉంది, తింటున్నాయా లేదా, ఒక్క మాట అడగలేదు. నేను యాభై రూపాయల లంగా కుట్టాలన్నా ఆది అడుగుతాను. ఆ తేడా నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. డబ్బులిచ్చి వచ్చేశాను.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు ఇబ్బంది. వాడే విధానం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది, తెలుగులో ఒక్క ముక్క లేదు. మా అమ్మాయి చదివి చెప్పింది: వంద కోళ్లకి రోజుకి 20 మిల్లీలీటర్లు, పిల్లలకైతే 5. అంటే ఇది షెడ్లో వేలకి వేలు పెంచేవాళ్లకి రాసిన కొలత. నా పదమూడింటికి రెండున్నర మిల్లీలీటర్లు చాలు. సీసా మూతే కొలత గిన్నె, కానీ దాని మీద మొదటి గీత 10 దగ్గర ఉంది! రెండున్నర ఎలా పోయాలి? కళ్లు చికిలించి అందాజుగా పోస్తే ఒకరోజు మూడూ ఒకరోజు ఆరూ పడుతుంది. చివరికి మెడికల్ షాపులో సూది లేని సిరంజి ఒకటి కొన్నాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు అదే.

అత్తయ్యగారు ఊరుకోలేదు. "నీ సీసా నీది, నా మందు నాది" అన్నారు. ఆవిడ మందంటే వాము, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాస్త పసుపు, నాలుగు మిరియాలు రోట్లో మెత్తగా నూరి, నూకల జావలో కలిపి, శనగగింజంత ఉండలు చెయ్యడం. పెట్టని ఒళ్లో పెట్టుకుని, ముక్కు తెరిచి, నాలిక మీద ఉండ పెట్టి, గొంతు నిమురుతారు. పది సెకన్లలో మింగేస్తుంది. నేను చేస్తే మాత్రం రెక్కలు టపటపా కొట్టి నా చీరంతా పసుపు చేస్తుంది.

సరే, అయిదు కోళ్లని ఒక గంప కింద వేసి వాటికి సీసా మందు కలిపిన నీళ్లు పెట్టాను. ఆరింటికి అత్తయ్యగారి ఉండలు. మిగతా రెండూ, అంటే చుక్కల పెట్ట, దాని కూతురు, ఎవరికీ దొరక్కుండా జామచెట్టెక్కి కూర్చున్నాయి. ఎంత పిలిచినా దిగలేదు. చీకటి పడ్డాక పట్టుకుందామంటే ఆ చిటారు కొమ్మ నాకు అందదు. పోనీలే అని వదిలేశాం. గాబులో మామూలు నీళ్లే తాగాయి.

మూడో రోజుకి అయిదూ బాగయ్యాయి. ఆరూ బాగయ్యాయి. జామచెట్టు మీది రెండూ కూడా బాగయ్యాయి.

అప్పుడు నవ్వుకున్నాం గానీ ఆ రెండు కోళ్లే నాకు కళ్లు తెరిపించాయి. ఆ రెండూ లేకపోతే నేను ఈపాటికి ఈ సీసాకి అయిదు స్టార్లిచ్చి, "మూడు రోజుల్లో తగ్గిపోయింది, తప్పక కొనండి" అని రాసి ఉండేదాన్ని. అలా రాసిన వాళ్లందరికీ జామచెట్టు ఉండాల్సింది అనిపిస్తుంది. అత్తయ్యగారి మొదటి మాటే నిజం. ఎండకి నీళ్లు ఎక్కువ తాగితే రెట్ట పలచబడుతుంది, అది జబ్బే కాదు. గాబు నీడలోకి జరిపి, రోజుకి మూడుసార్లు చల్లటి నీళ్లు మార్చడంతో సర్దుకుంది. (ఆవిడ ఉండలు కూడా వాటంతట అవి ఏమీ సాధించలేదని నేను ఆవిడకి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఆవిడ ఫోన్ చూడరు కాబట్టి.)

ఆషాఢంలో రెండో పరీక్ష. బోడిమెడ పెట్ట పొద్దున్నే గూట్లోంచి వచ్చి దాణా దగ్గర నిలబడిపోయింది. తినదు. మెడని పాములా ముందుకీ వెనక్కీ సాగదీస్తోంది. మెడకీ రొమ్ముకీ మధ్య మేత సంచి ఉంటుంది కదా, అది బంతిలా ఉబ్బి ఉంది. సాయంత్రం మేశాక ఆ సంచి నిండుగా ఉండటం మామూలే. పొద్దున్న మేత వెయ్యకముందు చూస్తే మాత్రం ఖాళీగా ఉండాలి. చేత్తో పట్టుకుంటే నిన్నటి పూరీపిండి ముద్దలా తగిలింది. లోపల ఏదో తాళ్లు తాళ్లుగా ఉంది. ఏమిటా అని చూస్తే దొడ్డి మూల మేం ఒలిచి పడేసిన కొబ్బరి పీచు. మా కోనసీమలో పీచు లేని దొడ్డి ఎక్కడుంది?

మొదటి రోజు సీసా మందే పట్టాను. ఏమీ కాలేదు. అవదు కూడా. దారి మూసుకుపోయిన చోట ఎంత గొప్ప టానిక్ పోసినా ముందుకి ఎలా వెళ్తుంది? ఆ సంచిలోనే ఉండిపోయి ఇంకా బరువయింది.

ఇక్కడ గెలిచింది ఇంటి వైద్యమే. మేత పూర్తిగా ఆపేశాం, నీళ్లు మాత్రం పెట్టాం. మూడు మిల్లీలీటర్ల గోరువెచ్చని కొబ్బరినూనె సిరంజిలో తీసుకుని, ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా పట్టాం. గబుక్కున పొయ్యకూడదు. నోరు తెరిచి చూస్తే నాలిక మొదట్లో చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, అదే ఊపిరి దారి. నూనె అందులోకి పోయిందంటే కోడి చేతిలోనే పోతుంది. తర్వాత అత్తయ్యగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని, చపాతీ పిండి మెత్తగా అయ్యేదాకా కలిపినట్టు, ఆ ముద్దని వేళ్లతో మెల్లగా పిసికారు. అయిదేసి నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. టీవీలో సీరియల్ నడుస్తున్నంతసేపూ అదే పని. రెండో రోజు సాయంత్రానికి ముద్ద మెత్తబడింది. మూడో రోజు పొద్దున్న రెట్టలో పీచు పోగులు కనిపించాయి. ఒకటి జానెడు పొడుగుంది. నేను దాన్ని పుల్లతో ఎత్తి చూపిస్తే ఇంటిల్లిపాదీ వచ్చి చూశారు, బంగారం దొరికినట్టు.

ఆ తర్వాత రెండ్రోజులు పలచటి నూకల జావ, ఒక చెంచా పెరుగు, అంతే. దొడ్డి మూల రెండు గంపల కాలవ ఇసుక పోయించాను. కోడికి పళ్లుండవు, తిన్నది నలగాలంటే కందనకాయలో సన్న రాళ్లుండాలి. దొడ్డంతా సిమెంటు చేయించుకున్న వాళ్ల కోళ్లకి ఈ బాధ ఎక్కువట. ఒక్క హెచ్చరిక. అలా ఉబ్బిన సంచి ముద్దలా కాకుండా నీళ్ల బుడగలా ఊగుతూ, నోట్లోంచి పులిసిన కల్లు వాసన వస్తే అది వేరే తంటా, లోపల పులుపెక్కిందన్నమాట. డాక్టరుకి చూపించాలి. కోడిని తలకిందులుగా వేలాడదీసి కక్కించడం మా ఊళ్లో చూశాను, అలా చేస్తే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కవీధి తమ్ముడైతే బ్లేడుతో సంచి కోసి, శుభ్రం చేసి, దారంతో కుట్టేస్తాడు. నన్ను కూడా, "అక్కా, నీ చెయ్యి సాఫీగా ఉంటుంది, ఓ కుట్టు వెయ్యి" అని అడిగాడు. జాకెట్లు కుడతాను గానీ అది మాత్రం నావల్ల కాదన్నాను. కొయ్యక తప్పదంటే అది పశువుల డాక్టరు చెయ్యాల్సిన పని.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను. శ్రావణం సంగతి వేరు.

నల్ల పెట్ట పన్నెండు గుడ్లు పొదిగితే పది పిల్లలు దిగాయి. నాలుగు వారాల పిల్లలు. వానలు మొదలయ్యాయని గంపని చూరు కిందకి జరిపాను, కింద ఊక పోశాను. చూరు నీళ్ల జల్లు కొట్టి ఊక తడిసింది, నేను వరలక్ష్మీ వ్రతం బ్లౌజుల హడావిడిలో ఉన్నాను, పట్టించుకోలేదు. ఒక పొద్దున గంప ఎత్తితే ఒక పిల్ల రెక్కలు జారేసి, మెడ లోపలికి లాక్కుని, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. గోనెపట్టా మీద రెట్ట చూస్తే కుంకుమ నీళ్లు చిలకరించినట్టుంది.

"వేడి చేసింది, మజ్జిగ పట్టు" అన్నారు అత్తయ్యగారు. మజ్జిగలో పసుపూ వెల్లుల్లీ కలిపి పట్టాం. షాపాయన నెత్తురు పారుడుకి కూడా ఇదే అన్నాడు కదా అని సీసా మందు కూడా పోశాను. రెండు పొద్దులు అలాగే గడిచాయి. రెండు పిల్లలు మొదటి రోజు సాయంత్రమే పోయాయి, మూడోది రెండో రోజు రాత్రి నా అరచేతిలో పోయింది. వెచ్చగా ఉంటుందని బల్బు కింద పట్టుకుని కూర్చున్నాను. దాని బరువు ఎంతుంటుంది, ఒక దారపు ఉండంత. పోయేముందు నోరు రెండుసార్లు తెరిచింది.

1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తుందని తెలుసు. గేదె కోసమైతే చేసేదాన్నే, గుప్పెడంత కోడిపిల్ల కోసం చెయ్యడానికి మొహమాటమేసింది. అదీ నా తప్పే. మూడో రోజు పొద్దున్న పోయిన పిల్లని కవర్లో, రెట్ట అంటిన గోనె ముక్కని ఇంకో కవర్లో వేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరుగారు చిన్న కత్తెరతో ఆ పిల్లని నా ముందే కోశారు. పేగు చివర రెండు తోకల్లాంటి సంచులుంటాయి. మామూలుగా సన్నగా ఉండాల్సినవి వేలు లావున ఉబ్బి, నల్లటి నెత్తురుతో బిగుసుకుని ఉన్నాయి. "చూశారా అమ్మా, ఇది వేడి కాదు. కాక్సిడియోసిస్" అన్నారు. పేగుల గోడల్లో పెరిగే కంటికి కనపడని క్రిమి అట. దాని గుడ్లు రెట్టలో బయటికొస్తాయి. తడీ వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే పక్వానికొస్తాయి. పిల్లలు అదే ఊకని పొడిచి పొడిచి మళ్లీ తింటాయి. అంటే నా తడిసిన ఊకే వాటి పొలం.

ఆంప్రోలియం అనే పొడి రాసిచ్చారు. లీటరు నీళ్లకి గ్రాము చిల్లర, అయిదు రోజులు, వేరే నీళ్లు పెట్టకూడదు. పొట్లాల్లో బలం తేడాలుంటాయి కాబట్టి నా కొలత చూసి మీరు కలపకండి, మీ పొట్లం మీదది చూసుకోండి, డాక్టరుని అడగండి. ఆయన ఇంకో మాట చెప్పారు, అది నాకు భలే నచ్చింది. ఆ క్రిమికి బి1 విటమిన్ కావాలి. ఈ మందు అచ్చం బి1లా కనిపించి, దాని చోట్లో దూరి, క్రిమిని పస్తు పెడుతుందట. అందుకే ఆ అయిదు రోజులూ బలానికని బి కాంప్లెక్స్ కలపొద్దన్నారు. కలిపితే క్రిమికి అన్నం పెట్టినట్టే.

నా సీసా ఫోటో చూపించాను. ఆయన తిట్టలేదు, నవ్వలేదు. "ఆకలికి ఇస్తే ఇవ్వండి. దీనికి మాత్రం ఇది మందు కాదు. వెల్లుల్లి, పసుపు వల్ల చెడేమీ లేదు, కానీ మీ రెండు రోజులు పోయాయి కదా" అన్నారు. ఆ "కదా" దగ్గర నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మిగిలిన ఏడింట్లో ఒకటి మర్నాడు పోయింది. ఆరు బతికాయి. పొడి మందు ఖరీదు వంద లోపే. ఇంటికొచ్చి జరిగింది చెబితే అత్తయ్యగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, తడి ఊకంతా తనే ఎత్తి దూరంగా గుంటలో పోసి, నేల ఆరనిచ్చి, సున్నం చల్లి, పొడి ఊక పరిచారు. గంపని తూర్పు వైపు, పొద్దున ఎండ పడే చోటికి మార్చారు. నీళ్ల మూకుడు కింద ఇటుక పెట్టారు, పిల్లలు అందులో కాళ్లు పెట్టి రెట్ట వెయ్యకుండా. ఆ తర్వాత ఇప్పటిదాకా మా గంప కింద నెత్తురు రెట్ట పడలేదు. ఇంటి వైద్యం అంటే నా లెక్కలో ఇది. రోట్లో నూరేది తర్వాత.

ఆ రోజే డాక్టరుగారు రెట్ట చదవడం నేర్పారు. మంచి రెట్ట గోధుమ రంగులో గట్టిగా ఉండి, పైన తెల్లటి టోపీ ఉంటుంది. ఆ తెలుపు సున్నం కాదు, కోడి మూత్రం. కోడి రెండు పనులూ ఒకేసారి కానిచ్చేస్తుంది. మధ్యమధ్యలో ఒకటి జిగురుగా, ముదురు గోధుమ రంగులో, భరించలేని కంపుతో పడుతుంది. అది కూడా మామూలే, పేగు చివరి సంచులు ఖాళీ అవుతాయన్నమాట. ఆ జిగురు రెట్ట చూసి నేను అంతకుముందు రెండుసార్లు టెన్షన్ పడి సీసా మూత తీశాను. ఈ ఒక్క ముక్క ఆ సీసా పైన ఉన్న కాగితం మీద రాసి ఉంటే నేనింకో స్టార్ ఇచ్చేదాన్ని. అయినా ఎందుకు రాస్తారు, రాస్తే సగం మంది కొనరు.

"టీకా వేయించారా?" అని కూడా అడిగారు ఆయన. లేదన్నాను. పెద్ద కోళ్లకి అదే నెలలో, పిల్లలకి ఎనిమిది వారాలు దాటాక, రెక్క కింద కొక్కెర టీకా వేయించాను. దీని విలువ కార్తీకంలో తెలిసింది.

వీధి చివర పిన్ని వాళ్ల కోళ్లకి తెగులొచ్చింది. ఆకుపచ్చా తెలుపూ కలిసిన పారుడు, తూలడం, మెడ మెలితిరిగి ఆకాశంలోకి చూడటం. పిన్ని పరిగెత్తుకుంటూ వచ్చి, "నీ దగ్గర ఏదో సీసా ఉందటగా అమ్మాయ్" అంది. ఇది కొక్కెరలా ఉంది పిన్నీ, దీనికి పనిచెయ్యదు అని చెప్పాను. వినలేదు. ఆ స్థితిలో ఎవరు వింటారు? సగం సీసా పోసిచ్చాను. అత్తయ్యగారు ఉండలు కూడా చేసిచ్చారు. పదకొండు కోళ్లలో తొమ్మిది వారంలో పోయాయి. అది వైరస్. దీన్ని రాణిఖేత్ జబ్బు అని కూడా అంటారు. మన దేశంలో దాదాపు వందేళ్ల కిందట ఉత్తరాఖండ్‌లోని ఆ కొండ ఊళ్లో బయటపడింది కాబట్టి ఆ పేరు. వచ్చాక తగ్గించే మందు ఇంగ్లీషులోనూ లేదు, ఆయుర్వేదంలోనూ లేదు. ముందే టీకా వెయ్యడం ఒక్కటే దారి. వీధికి ఇవతల ఉన్న నా కోళ్లకి ఒక్కదానికీ రాలేదు. అలాంటి జబ్బు పేరు చెప్పి సీసా అమ్మడమే నాకు ఆ షాపు మీద ఉన్న అసలు కోపం. 380 రూపాయల గురించి కాదు.

ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ బర్డ్ ఫ్లూ తేలింది, ఆ సంగతి మా వైపు ఎవరూ మర్చిపోలేదు. కోళ్లు ఉన్నట్టుండి టపటపా పడిపోతుంటే అక్కడ రోలూ వద్దు, సీసా వద్దు. ఉత్త చేతులతో ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పాలి.

ఇప్పుడు ఆ రెండు స్టార్ల సంగతి. ఒకటి, కోళ్లు ఆ నీళ్లు మారాం చెయ్యకుండా తాగాయి. కొన్ని టానిక్కులు కలిపితే గిన్నె వైపే రావు, దాహంతో ఉంటాయి గానీ తాగవు. ఇది అలా కాదు. రెండోది, జబ్బు నుంచి లేచిన ఆరు పిల్లలకీ, ఆంప్రోలియం అయిపోయాక, డాక్టరుగారిని అడిగే ఒక వారం ఇచ్చాను. బాగానే మేశాయి. దీనివల్లే మేశాయా అంటే మళ్లీ జామచెట్టు గుర్తొస్తుంది. అయినా హాని లేదు, అత్తయ్యగారు కూతురి ఊరెళ్లినప్పుడు నాకు నూరే పని తప్పింది, అందుకని ఒక స్టార్.

మూడు స్టార్లు ఎందుకు పోయాయంటే, పైన చెప్పినవి కాక, సీసా సైజు. మూత తీశాక మూడో నెలకి అడుగున మడ్డి పేరుకుంది, మూత తిప్పితే సోడా తీసినట్టు తుస్సుమంది, వాసన మారింది. పిన్నికి పోసిచ్చింది పోగా మిగిలిందంతా అరటి మొదట్లో పారబోశాను. మా లాంటి పదీ పదిహేను కోళ్లవాళ్లకి 50 మిల్లీలీటర్ల సీసా చాలు. అలాంటిది షాపుల్లో అడిగితే, "రాదమ్మా, లీటరు తీసుకోండి, కలిసొస్తుంది" అంటారు. ఎవరికి కలిసొస్తుందో. ఖాళీ మూత మాత్రం మిషన్ మీద పెట్టుకున్నాను, హుక్కులు వేసుకోవడానికి సరిగ్గా సరిపోయింది.

380 రూపాయలు చేతిలో ఉండి, పెరట్లో పది కోళ్లున్నవాళ్లు నన్ను అడిగితే ఒక బస్తా పొడి ఊక, గంపెడు ఇసుక, సూది లేని సిరంజి కొనమంటాను. పోపుల పెట్టెలో వాము ఎలాగూ ఉంటుంది. నీరసపడ్డ కోడికి లీటరు నీళ్లలో చెంచా బెల్లం, చిటికెడంటే నిజంగా చిటికెడే ఉప్పు కలిపి పెట్టొచ్చు. ఉప్పు ఎక్కువైతే కోళ్లకి అదే విషం. కిరసనాయిలు చుక్క, బీడీ పొగాకు నీళ్లు లాంటివి ఎవరు చెప్పినా పట్టకండి. నెత్తురు కనపడితే గంట కూడా ఆగొద్దు.

టీకా సీసా వంద కోళ్లకి సరిపడా వస్తుంది, ఐసులో తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. పది కోళ్లకి ఒక్కరే తెప్పించుకుంటే మిగతా అంతా దండగ. అందుకని ఈసారి మా వీధిలో ఏడిళ్ల వాళ్లం కలిసి చెప్పుకున్నాం, వచ్చే బుధవారం వేయిస్తున్నాం. పిన్ని మళ్లీ ఎనిమిది పెట్టల్ని తెచ్చుకుంది. నిన్న సాయంత్రం వచ్చి నా సిరంజి అడిగి పట్టుకెళ్లింది. వాటిలో ఒకదాని మేత సంచి పొద్దున్నకి కూడా ఖాళీ కాలేదట.